సోఫా బేరంలోనూ కాయ వలిచి చూడాలి

బెళుగుప్ప: వేరుశనగ కాయ బేరం ఎలా చేయాలో ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ నేర్పనవసరం లేదు. గోతంలో చేయి పెట్టి అడుగునుంచి పిడికెడు తీస్తారు. చెవి దగ్గర ఆడించి చూస్తారు. నాలుగు కాయలు వలిచి గింజ నిండుగా ఉన్నదా, ముడతపడినదా, తేమ ఆరినదా, తాలు ఎంత అన్నది చూసి గాని ధర మాట్లాడరు. పైపొట్టు ఎర్రగా ఉన్నదా, తెల్లగా ఉన్నదా అన్నదానితో వారికి పని లేదు. అదే రైతు ఇంట్లో పెండ్లి కుదిరి, సోఫా కోసం కల్యాణదుర్గానికో, అనంతపురానికో, బళ్లారికో వెళ్లినప్పుడు మాత్రం పైపొట్టు చూసే బేరం ముగించి వస్తున్నారు. గుడ్డ మెరుపు నచ్చితే చాలు, లోపల ఏమున్నదని అడిగేవారు అరుదు.

ఇది చిన్న కొనుగోలు కాదు. లెక్క కోసం పన్ను పడకముందు రూ. 40,000 పలికే సోఫా సెట్టు ఒకటి అనుకుందాం. సోఫాలపై వస్తు, సేవల పన్ను 18 శాతం గనుక మొత్తం రూ. 47,200 అవుతుంది. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు రూ. 7,263. ఆ ధర పూర్తిగా దక్కినా ఇది ఆరున్నర క్వింటాళ్ల కాయ ఖరీదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేనిచోట, ఆరున్నర క్వింటాళ్లు పండించడానికి ఎన్నెకరాల వానాధారపు చేను కావాలో బెళుగుప్ప పాఠకులకు చెప్పవలసిన పని లేదు. అంత సొమ్ము పెట్టి తెచ్చిన వస్తువు రెండేండ్లకు గుంటపడితే అది అలంకారం సంగతి కాదు, పంట నష్టమే.

వర్తకుల దృష్టిలో సోఫా ఒక వస్తువు కాదు, నాలుగైదు సరకుల మూట. చెక్క, ఫోం, ఇనుప స్ప్రింగు లేదా నవారు పట్టీ, పైగుడ్డ, వీటికి తోడు పనివాని కూలి. ఒక్కొక్క సరకుకు ఒక్కొక్క బజారు ఉన్నది. ఈ మూటలో కంటికి కనిపించేది గుడ్డ ఒక్కటే. కూర్చునే సుఖం, మన్నిక మాత్రం కనిపించని మిగతా సరకులలో ఉన్నాయి. కాబట్టి ఎక్కడైనా తగ్గించి లాభం చూసుకోదలచినవారు కనిపించనిచోటే తగ్గిస్తారు. బేరం తెలిసినవారు అక్కడే చేయి పెట్టాలి.

మొదట ఫోం సంగతి. దీనిని చాలామంది నేటికీ స్పంజి అంటున్నారు. ఇది ముడిచమురు నుంచి వచ్చే రసాయనాలతో తయారయ్యే పాలీయురిథేన్. ఈ జాతి రసాయనాన్ని 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనిపెట్టింది. మెత్తని ఫోంగా అది ఇండ్లలోకి రావడం 1950ల తర్వాతి మాట. అంతకు ముందు పెద్ద ఇండ్లలోని సోఫాలలో దూది, కొబ్బరి పీచు, గుర్రపు వెంట్రుకలు కూరేవారు. ఫోం తయారీకి కావలసిన టీడీఐ అనే రసాయనాన్ని మన దేశంలో గుజరాత్ నర్మదా వ్యాలీ ఫెర్టిలైజర్స్ సంస్థ తయారుచేస్తున్నది, కొంత దిగుమతి కూడా అవుతున్నది. అందుచేత చమురు ధర, డాలరు ధర పెరిగినప్పుడు ఆ వేడి ఫోం ధరకూ తగులుతుంది. అటువంటి రోజులలో సోఫా ధర పెంచలేని తయారీదారు ఫోంను పలచన చేస్తాడు. బయటికి అంతే లావు కనిపిస్తుంది, లోపల గాలి పాలు పెరుగుతుంది.

ఈ గాలిని పట్టుకునే కొలతే డెన్సిటీ. ఒక ఘనపు మీటరు ఫోం ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె అన్నమాట. బజారులో 28, 32, 40 అని వినిపించే అంకెలు ఇవే. రోజూ నలుగురు కూర్చునే సీటుకు 32కు తగ్గకుండా చూసుకోవాలి. పెద్ద కుటుంబమైతే 40 మేలు. వీపు ఆనుకునే దిండుకు అంత బరువు పడదు గనుక 28 లేదా అంతకు తక్కువైనా నడుస్తుంది. అయితే దుకాణంలో అందరూ నలభై అనే చెబుతారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు, కాటా చాలు.

రెండు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం గల సీటు దిండు తీసుకుందాం. దాని పరిమాణం 0.047 ఘనపు మీటరు. 40 డెన్సిటీ ఫోం అయితే గుడ్డ తీసివేసిన దిండు సుమారు 1 కిలో 900 గ్రాములు తూగాలి. 32 అయితే 1 కిలో 500 గ్రాములు, 28 అయితే 1 కిలో 300 గ్రాములు. కిలోకు లోపు, అంటే 850 గ్రాముల దగ్గర ఆగిపోయిందంటే అది 18 డెన్సిటీ సరకు. అటువంటిది సీటుకు పనికిరాదు. దిండుకు జిప్పు ఉంటే విప్పి చూపమనడంలో తప్పు లేదు. విప్పనంటే ఆ బేరంలో తాలు ఎక్కువని అనుమానించవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తడిసిన కాయ ఎక్కువ తూగినట్లే ఫోంలోనూ దొంగ బరువు ఉన్నది. సున్నపురాతి పొడి కలిపి బరువు పెంచిన ఫోం ఉంటుంది. తుక్కు ఫోంను ముక్కలు చేసి జిగురుతో అదిమిన దిమ్మె కూడా బరువుగానే ఉంటుంది. రంగురంగుల ముక్కలు కనిపించడమే దాని గుర్తు. అడుగు పొరగా అది వాడితే తప్పు లేదు, పై పొరగా వాడితే బండ మీద కూర్చున్నట్లే. కాబట్టి తూకంతో ఆగకుండా మోకాలితో సీటు నడుమ గట్టిగా నొక్కాలి. అడుగు చెక్క మోకాలికి తగలకూడదు. ఒక నిమిషం నొక్కి వదిలితే ఫోం వెంటనే తన ఎత్తుకు రావాలి. పొడి కలిపిన సరకు నెమ్మదిగా లేస్తుంది, వేలితో రుద్దితే రాలుతుంది. ఎంత మంచి ఫోం అయినా ఎండ తగిలితే పసుపెక్కి పొడి అవుతుంది గనుక కిటికీ ఎండ నేరుగా పడేచోట వేయకూడదు.

కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసిన దిమ్మెలు ఇంకా దొరుకుతున్నాయి. ఇవి ఫోం కంటే గట్టిగా ఉంటాయి, గాలి ఆడుతుంది. పీచు అడుగున, రెండంగుళాల ఫోం పైన వేస్తే మా ఎండలకు బాగుంటుందని ఈ రచయిత అభిప్రాయం. దుకాణంలో కూర్చోగానే మెత్తగా అనిపించదు గనుక దీనికి గిరాకీ తగ్గింది.

ఇక చెక్క. పూర్తిగా గుడ్డ కప్పిన సోఫాలో చట్రం కనిపించదు. అందుచేత అందులో యంత్రాలు వచ్చే పెట్టెల చెక్క, నానా జాతుల తునకలు, చెక్కపొడి పలకలు చేరుతుంటాయి. ఎత్తి చూడటమే దీనికి పరీక్ష. మూడు సీట్ల సోఫాను ముందువైపు ఒక మూల పట్టుకొని జానెడు ఎత్తితే రెండో ముందుకాలు కూడా వెంటనే లేవాలి. అది నేలమీదే ఉండి ఈ మూల మాత్రం లేస్తే చట్రం మెలి తిరుగుతున్నదన్నమాట. అడుగున కొట్టిన నల్లగుడ్డను ఒకవైపు రెండు పిన్నులు ఊడదీయించి లోపలికి చూడటం మరీ మంచిది. కుసి తీసి బెజ్జంలో దిగగొట్టి, జిగురు పెట్టి, మూలలకు చెక్క దిమ్మెలు బిగించిన చట్రం ఒక తరం ఉంటుంది. ఉత్త పిన్నులతోనూ మేకులతోనూ నిలిపినది మూడు వేసవులు చూడదు.

వేసవులు అనడంలో ఒక కారణం ఉన్నది. పచ్చి చెక్కలోని తేమ సుమారు 30 శాతానికి దిగిన దగ్గరనుంచి చెక్క ముడుచుకోవడం మొదలుపెడుతుంది. గాలిలో తేమ ఉండే కోస్తా ఊళ్లలో అరకొరగా ఆరబెట్టి చేసిన సోఫా అక్కడ బిగువుగానే ఉండవచ్చు. దానిని తెచ్చి బెళుగుప్ప వంటి పొడి మెట్టమీద మార్చి, ఏప్రిల్, మే ఎండలకు పెడితే మిగిలిన తేమ కూడా పోతుంది. కుసులు వదులవుతాయి, కూర్చుంటే కిర్రుమంటుంది. అందుచేత చెక్క ఏ జాతి అన్నదానితోపాటు ఎలా ఆరబెట్టారన్నది కూడా అడగాలి.

టేకు మంచిదని అందరికీ తెలుసు. కాని టేకులోనూ చేవ వేరు, తెల్ల చెక్క వేరు. పురుగు పట్టేది తెల్ల చెక్కకే. రంగు పూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి గనుక పాలిష్ పెట్టని అడుగుభాగం చూడాలి. బర్మా టేకు అని పలికే ధరను మరింత అనుమానించాలి. ముడి దుంగల ఎగుమతిని మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి నిలిపివేసింది. మన బజారులో అమ్మే విదేశీ టేకులో ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల తోటలలో పెంచినది చాలా ఉన్నది. అది చెడ్డదని కాదు, బర్మా ధర ఇవ్వవలసినది మాత్రం కాదు. రబ్బరు చెక్కకు మందు పట్టించి ఆరబెడితే పనికివస్తుంది, మందు లేకపోతే పురుగు తింటుంది. చెక్కపొడి పలకలకు నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. బండలు పరచిన ఇంట్లో నీళ్లు కొట్టి కడిగే అలవాటున్నవారు అవి నేలకు ఆనే సోఫా తేకూడదు.

ఊళ్లోని వేపను మాత్రం తక్కువగా చూస్తున్నాం. వేప చేవకు చెదలు త్వరగా పట్టవు. ఎర్రనేలల్లో చెదలతో వేగేవారికి ఈ గుణం విలువ తెలుసు. ఏడాది పాటు నీడన ఆరిన వేప మొద్దు ఇంట్లో ఉంటే వడ్రంగి చేత చట్రం చేయించుకొని, ఫోం పలకలు బజారులో కొనుక్కొని, కుట్టుపనివానితో గలేబులు కుట్టించుకోవడం లాభసాటి. చట్రం కనిపించే, దిండ్లు విడిగా తీసి వేసే ఈ రకం సోఫాను పాతకాలపుదని కొందరు తోసిపుచ్చుతున్నారు. నా మటుకు ఈ ప్రాంతానికి తగినది, చూడటానికి కూడా హుందాగా ఉండేది ఇదే. చట్రంలో దాచడానికి ఏమీ ఉండదు. ఏడెనిమిదేండ్లకు ఫోం నలిగితే దిండు మారుతుంది గాని సోఫా మారదు. పూర్తిగా గుడ్డ కప్పినదానిలో ఒక సీటు గుంటపడినా మొత్తం విప్పవలసిందే.

సీటు కింద వాడేవి రెండు రకాలు. పాము మెలికల వంటి ఇనుప స్ప్రింగు, లేదా రబ్బరు కలిపి నేసిన నవారు పట్టీ. మన నవారు మంచానికి తమ్ముడే ఈ పట్టీ. పట్టీలు అడ్డంగానూ నిలువుగానూ అల్లి ఉండాలి, వాటి మధ్య సందు పట్టీ వెడల్పు కంటే తక్కువ ఉండాలి. కేవలం ప్లైవుడ్ పలక మీద ఫోం వేసినదైతే ధర తగ్గించి అడగవచ్చు.

సరకు మంచిదైనంత మాత్రాన సుఖం వస్తుందని చెప్పలేము. అది కొలతల వలన వస్తుంది. ఈ విషయం ఈ రచయిత డబ్బిచ్చి నేర్చుకున్నాడు. కొన్నేండ్ల కిందట పట్టణంలోని ఒక దుకాణం నుంచి ఫ్యాషన్ అయిన పల్లపు సోఫా ఒకటి మా ఇంటికి తెచ్చాము. సీటు ఎత్తు 14 అంగుళాలు, లోతు 26 అంగుళాలు. ఫోం మంచిదే, చెక్క మంచిదే. మా నాయన మొదటి రోజు కూర్చొని లేవలేకపోయారు. వీపు ఆనిస్తే కాళ్లు నేలకు అందవు, కాళ్లు ఆనిస్తే వీపుకు ఆసరా లేదు. ఇద్దరం చేయి పట్టి లేపాము. ఆ రోజునుంచి ఆయన ఎప్పటిలాగే నవారు మంచం మీదే కూర్చున్నారు. సోఫా మాత్రం వచ్చిన చుట్టాలకు మిగిలిపోయింది.

ఆ తర్వాత అర్థమైనదేమంటే, ఇంట్లో పెద్దవారుంటే సీటు ఎత్తు 17, 18 అంగుళాలు, లోతు 20, 21 అంగుళాలు ఉండాలి. ఇది ఫోం దిగిన తర్వాతి ఎత్తు, కొలబద్దతో మనిషి కూర్చున్నప్పుడు కొలవాలి. కూర్చున్నవారి మోకాలి వెనుక సీటు అంచుకు రెండు మూడు వేళ్లు పట్టేంత సందు ఉండటం సరైన లోతుకు గుర్తు. చేతులు ఆనే భాగం సీటుకు 7 నుంచి 9 అంగుళాల ఎత్తున, అరచేతితో ఊతం పట్టి లేచేంత గట్టిగా ఉండాలి. మెత్తని దిండు వంటి చేతులు చూపుకు బాగుంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారికి పనికిరావు. బాసింపట్టు వేసి కూర్చునే అలవాటు మన ఇండ్లలో పోలేదు గనుక ఒక్కొక్క సీటు వెడల్పు 24 అంగుళాలకు తగ్గితే ఇబ్బంది. సోఫా కొనేందుకు వెళ్లేటప్పుడు దానిమీద రోజూ ఎవరు కూర్చుంటారో వారిని తీసుకువెళ్లాలి. పావుగంట కూర్చోనివ్వాలి. దుకాణదారు తొందరపెడితే మజ్జిగ తాగి మళ్లీ కూర్చోవచ్చు.

కాళ్ల ఎత్తు ఎవరూ చూడరు. నేలకు ఆనినట్లుండే సోఫాలు పత్రికలలో అందంగా కనిపిస్తాయి. తేళ్లు తిరిగే ఊళ్లలో చీపురు దూరనిచోటు ఇంట్లో పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఐదారు అంగుళాల కాలు ఉండాలి.

పైగుడ్డలో ముందుగా రెగ్జిను. తుడిస్తే శుభ్రమవుతుందని, నీళ్లు అక్కరలేదని కొంటున్నారు. నీటికి కటకట ఉన్నచోట ఆ వాదనలో బలమున్నది. కాని మే నెల మధ్యాహ్నం చెమట వీపుతో దానిమీద ఎంతసేపు కూర్చోగలరో ఆలోచించుకోవాలి. తల ఆనేచోట నూనె మరక దిగి ముందు అక్కడే పొర లేస్తుంది. వెల్వెట్ వంటి నూగు గుడ్డ ఎర్రదుమ్మును పట్టుకొని వదలదు. లేత రంగులు పెండ్లినాటి ఫొటోలో మాత్రమే లేత రంగులు. దగ్గరగా నేసిన మందపాటి నూలు గుడ్డ, ఇటుక రంగు, తేనె రంగు, ఊదా కలిసిన గళ్లు ఈ దుమ్ములో ఎక్కువ కాలం మర్యాదగా ఉంటాయి. గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తే నేత సందులు కనిపించకూడదు. జిప్పు గలేబులు రెండు జతలు కుట్టించుకుంటే ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు రెండోది వాడవచ్చు. పక్కనున్న రాయదుర్గం జీన్స్ కుట్టుపనికి పేరున్న ఊరు. మందపు గుడ్డను గట్టిగా కుట్టగలిగిన చేతులు, మిషన్లు దగ్గరలోనే ఉన్నాయి. జీన్స్ గుడ్డతో కుట్టిన గలేబు చూడటానికీ బాగుంటుంది, పిల్లల తొక్కుడుకూ నిలుస్తుంది.

ధర విషయంలో ముహూర్తాల లెక్క తెలిసి ఉండాలి. మాఘ, ఫాల్గుణాలలోనూ శ్రావణంలోనూ పెండ్లి సామాన్లకు గిరాకీ ఉంటుంది, అప్పుడు బేరం సాగదు. ఆషాఢంలో, మూఢం రోజులలో దుకాణంలో సరకు కదలదు. పెండ్లి ముందుగానే నిశ్చయమైనవారు అప్పుడే కొని, ఇంటికి తర్వాత చేర్చమని అడగవచ్చు. సున్నా వడ్డీ వాయిదాలంటే మాత్రం నిలబడి లెక్క వేయాలి. వడ్డీ సున్నా అన్న మాటకే అర్థం లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు చెప్పింది. వడ్డీ పేరు లేకపోతే అది రుసుము రూపంలోనో, రొక్కానికి ఇచ్చే తగ్గింపు ఎగ్గొట్టడంలోనో ఉంటుంది. రొక్కం ధర ఎంత, వాయిదాల మొత్తం ఎంత అని రెండూ కాగితం మీద వేయించుకుంటే తేడా తెలిసిపోతుంది. పన్ను విషయంలో ఒక వెసులుబాటు ఉన్నది. పూర్తిగా వెదురు, పేముతో చేసిన సామానుకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే పన్ను. పేము కుర్చీలు, బల్లసోఫాలు గాలి ఆడేవి, తేలికైనవి గనుక చిన్న వసారాకు వీటిని కూడా చూడవచ్చు.

బిల్లులో ‘సోఫా సెట్టు ఒకటి’ అని రాసి ఇస్తే ఒప్పుకోవద్దు. చెక్క జాతి, సీటు ఫోం డెన్సిటీ, హామీ ఎన్నేండ్లు, హామీ చట్రానికా ఫోంకా అన్నది రాయించాలి. నోటిమాటగా నలభై అన్నవారు కాగితం మీద ముప్ఫై రెండుకు దిగడం అప్పుడు చూడవచ్చు. రాసిచ్చినదానికి భిన్నమైన సరకు వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. బళ్లారిలోనో బెంగుళూరులోనో కొన్నా బెళుగుప్పవారు అక్కడికి తిరగనవసరం లేదు. 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి కూడా చెప్పుకోవచ్చు.

బయలుదేరే ముందు ఇంటి వాకిలి వెడల్పు, నడవ మలుపు కొలిచి చీటీ మీద రాసుకొని జేబులో పెట్టుకోవాలి. పాత మిద్దెలకు రెండున్నర అడుగుల వాకిళ్లు ఎన్నో ఉన్నాయి. ‘ఎల్’ ఆకారపు సోఫాలలో రెండు ముక్కలుగా విడిపోయేవి, విడిపోనివి రెండూ అమ్ముతున్నారు. బండి ఎక్కించకముందే ఏ రకమో అడగాలి, ఎందుకంటే వాకిట్లోంచి తిరిగి పంపే బండి బాడుగ దుకాణదారు పెట్టుకోడు.